వచ్చిన పని

లాడ్జి పుస్తకంలో నాలుగు గళ్లు.
పేరు: గేదెల వరహాలమ్మ.
ఊరు: పలాస.
ఎందరు: ఒకరు.
నాలుగో గడి దగ్గర పెన్ను ఆగింది.
వచ్చిన పని?

చూడ్డానికి, అని రాశాను.
గుమస్తా పుస్తకం తనవైపు తిప్పుకున్నాడు.
"ఎవర్ని చూడ్డానికమ్మా?"
ఊరిని, అన్నాను.
"ఊర్నేటి చూస్తారు?"
విజయనగరంలోనే పుట్టి పెరిగినట్టున్నాడు పాపం.
నా మాట కొట్టేసి
సొంత పని, అని రాసుకున్నాడు.

పదహారేళ్లుగా జీడిపప్పు పొట్టు తీస్తున్నాను.
గుండు, బద్ద, ముక్క, నూక
కళ్లు మూసుకుని గోటితో చెప్పేస్తాను.
ఫ్యాక్టరీ గోడ మీద క్యాలెండరులో
మార్చి నెలకి ఏదో యూరపు ఊరు.
నది మీద రాతి వంతెన,
పొగచూరిన గోపురాలు,
వంతెన మీద ఒక్కతే ఆడమనిషి, నా ఈడుదే.
భుజాన సంచి. చేతిలో మడతలు పడ్డ కాగితం.
ఆ ఊరి పేరు చదవడం సూపర్వైజరుకీ రాలేదు.
నెలంతా ఆవిడనే చూశాను.
పెళ్లికెళ్తున్నట్టు లేదు. ఆసుపత్రికీ కాదు.
కోర్టు వాయిదాకి అసలే కాదు.
మరి ఆవిణ్ణి ఎవరు పంపారు?

ఏప్రిల్ రాగానే ఆ కాగితం మడిచి పర్సులో పెట్టాను.
ఆ ఊరికెళ్లే రైలు పలాసలో ఆగదు.
విశాఖ వైపు ప్యాసింజరు ఆగుతుంది.
విజయనగరం వెళ్తున్నానంటే
మా ఆయన పేపరు దించి
"ఎవరు పోయారు?" అన్నాడు.

గంటస్తంభం కింద నిలబడి
మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూశాను.
వెనక ఆటో హారను.
"ఎక్కడికెళ్లాలమ్మా?"
ఎక్కడికీ వద్దు బాబూ, ఇక్కడికే వచ్చాను.

కోట గోడ వెంబడి నడిచాను, చెయ్యి రాళ్లకి ఆనించి.
ఎండకి రాయి
జొరమొచ్చిన పిల్ల నుదుట్లా ఉంది.
రాజులు ఏనుగులెక్కి వెళ్లిన గుమ్మంలోంచి
కాలేజీ పిల్లలు స్కూటీల మీద
పరీక్షని తిట్టుకుంటూ పోతున్నారు.
ఒక సందు తప్పాను. ఇంకో సందు తప్పాను.
తిరిగి తిరిగి మూడు లాంతర్ల దగ్గరే తేలాను, రెండుసార్లు.
నేను దారి తప్పితే
ఎవరి అన్నమూ ఆలస్యం కాదని
అప్పుడు తట్టింది.

హోటల్లో "ఒక్కరేనేటి?" అంటూ
సర్వరు నా ఎదుటి కుర్చీ
పక్క బల్లకి లాక్కెళ్లిపోయాడు.
దోసె వేడివేడిగా తినడం
పెళ్లయ్యాక ఇదే మొదలు.

రాత్రి సంగతి దాచను.
గడియ పెట్టాను. లేచి మళ్లీ చూశాను.
తలుపుకి అడ్డంగా కుర్చీ,
కుర్చీ మీద సంచి, సంచి మీద నీళ్ల సీసా.
వరండాలో చెప్పుల చప్పుడైతే
గుండె పెనం మీద జీడిపిక్కలా చిటపటలాడింది.
ఆ వంతెన మీదావిడ కూడా
రాత్రికి కుర్చీ అడ్డం పెట్టుకుందేమో.
అది క్యాలెండర్లో వెయ్యరు.
ఎప్పటికో మంచానికి ఐమూలగా పడుకున్నాను.
కాళ్లు ఎటు చాపినా ఎవరికీ తగల్లేదు.
కాసేపు బాగుంది.
కాసేపు బాగులేదు.

పొద్దున్నే బఠాణీలమ్మే కుర్రాణ్ణి ఫోటో తియ్యమన్నాను.
స్తంభం కొసాకంటా పడింది.
నేను కళ్లదాకానే.
"ఇంకోటి తియ్యనా పిన్నీ?"
చాల్లే, అన్నాను.

గది తాళం ఇస్తుంటే గుమస్తా అడిగాడు,
"చూసేరా ఊరు?"
సగం చూశాను.
పుస్తకంలోంచి తలెత్తకుండానే అన్నాడు:
"మాయమ్మ కూడా కోట లోపల చూడాలంటాదండి.
ఎన్నేళ్లనుంచో."
ఎక్కడుంటారు?
"ఇక్కడే. కొత్తపేట్లో."

రైలుకి ఇంకా రెండు గంటలుంది.
సంచి మళ్లీ కింద పెట్టాను.
ఏ సందు, అని అడిగాను.